మిలిట్రీ నాన్న గురించి ఏం రాయాలి?

ఈ వారం వచ్చిన ఉత్తరం:

"అక్కా, మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా నాన్న పోయిన ఏడాది 82 ఏళ్ళకి ఇంట్లోనే నిద్రలో పోయారు. 1962 చివర్లో మిలిట్రీలో చేరి 1984లో హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చేశారు, తర్వాత ఒక బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేశారు, ఆపైన పొలం. వచ్చే నెల సంవత్సరీకం. ఆయన మీద చిన్న పుస్తకం వేయించి పంచుదామని తమ్ముడు అంటున్నాడు, నేను టీచర్ని కాబట్టి రాసే పని నా మీద పడింది. సమస్యేంటంటే యుద్ధం గురించి ఆయన ఒక్క ముక్క కూడా ఎప్పుడూ చెప్పలేదు. నల్ల ట్రంకు పెట్టె మీద నంబరు, పేరు, ఎం.ఇ.జి. అని తెల్ల పెయింటుతో ఉంటుంది. కొన్ని మెడల్స్ ఉన్నాయి, ఒక నక్షత్రం మీద పశ్చిమీ స్టార్ అని ఉంది. తమ్ముడేమో ఢాకాలో పాకిస్తాన్ లొంగిపోయినప్పుడు నాన్న అక్కడే ఉన్నాడని రాయమంటాడు. ఫ్లెక్స్ డిజైన్ కూడా పంపాడు, 'అమరవీరుడు' అని, వెనకాల రఫేల్ విమానం. నాకు అబద్ధం రాయబుద్ధి కావట్లేదు, నిజమేమో తెలీదు. ఇంకో విషయం. నేను 1971 డిసెంబర్‌లో పుట్టాను. నాన్న నన్ను చూడ్డానికి వచ్చేసరికి నాకు నడక వచ్చేసిందట. ఆడపిల్ల పుట్టిందని రాలేదు అని మా జేజి అనేది. అమ్మ ఆ మాటకి ఏమీ అనేది కాదు. ఆయన చాలా స్ట్రిక్ట్, తమ్ముణ్ణి బెల్టుతో కొట్టిన రోజులున్నాయి. పొలానికి పోతే కర్రతో నేల పొడుచుకుంటూ ముందు నడిచేవారు, మమ్మల్ని ఆయన అడుగుల్లోనే అడుగు వేసి రమ్మనేవారు. ఇలాంటివి తప్ప నా దగ్గర ఏం లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? - ఒక కూతురు"

చెల్లెమ్మా,

మొదట ఆ రఫేల్ తీసేయమని తమ్ముడికి చెప్పు, నవ్వొచ్చింది నాకు. మన దేశానికి రఫేల్ వచ్చిందే 2020లో, మీ నాన్నగారు రిటైర్ అయ్యి అప్పటికి 36 ఏళ్ళు. ఫ్లెక్స్ షాపు కుర్రాడికి మిలిట్రీ అంటే ఒకటే ఫోల్డర్ ఉంటుంది, అందులో విమానం, కార్గిల్ కొండ, జెండా, అంతే, ఎవరొచ్చినా అదే అంటిస్తాడు. తమ్ముణ్ణి తిట్టకు. తండ్రి పోతే మగపిల్లలకి ఏడవడం చేతకాక ఇలా పెద్ద పెద్ద ఫ్లెక్సులు వేయిస్తారు, మా ఇంట్లోనూ అదే జరిగింది. 'అమరవీరుడు' మాత్రం తీసేయించాల్సిందే. ఆ మాట యుద్ధంలో ప్రాణం పోయినవాళ్ళది. మీ నాన్నగారు యుద్ధం నుంచి బతికి వచ్చి, 40 ఏళ్ళు ఇంటి దగ్గర బతికి, సొంత మంచం మీద పోయారు. ఆయనతో ట్రెయినింగ్ చేసి తిరిగిరాని వాళ్ళు ఉండే ఉంటారు కదా, ఆ మాట వాళ్ళకి వదిలేయండి. ఇది చూస్తే ఆయనే మీకంటే ముందు ఫ్లెక్స్ చింపేసేవాడు అనిపిస్తోంది నాకు, నువ్వు చెప్పిన కాస్త స్వభావం బట్టి.

ఇక ఢాకా సంగతి. నీ చేతిలోనే జవాబు ఉంది, చూసుకోలేదు. 1971 యుద్ధానికి రెండు నక్షత్రాలు ఇచ్చారు, తూర్పు వైపు పనిచేసినవాళ్ళకి పూర్వీ స్టార్, పడమటి వైపు వాళ్ళకి పశ్చిమీ స్టార్. ఢాకా తూర్పు. మీ నాన్నగారిది పశ్చిమీ. అంటే డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ మన జనరల్ అరోరా ముందు లొంగుబాటు సంతకం పెడుతున్న టైముకి మీ నాన్నగారు దేశానికి ఈ చివర, పంజాబ్ జమ్మూ రాజస్థాన్ వైపు ఎక్కడో ఉన్నారు. ఆ సంతకాల ఫొటో పుస్తకంలో వేసి ఊళ్ళో పంచారనుకో, ఊళ్ళో ఇంకో మాజీ సైనికుడు ఉంటాడు, ఆయన పైకి ఏమనడు, మెడల్ చూస్తాడు, పుస్తకం మూసి పక్కన పెడతాడు.

ఇది నాకు ఎలా తెలుసంటే నేను ఆ తప్పు చేశాను కాబట్టి. మా మామయ్యగారు ఆర్మీ సిగ్నల్స్‌లో, అంటే కబుర్లు పంపే దళంలో చేశారు. ఆయన పోయినప్పుడు కోడల్ని కదా, అందరికంటే నాలుగు ముక్కలు ఎక్కువ చదివినదాన్ని కదా, నేనే రాశాను, చైనా యుద్ధంలో మంచుకొండల మీద పోరాడారు అని. 1962లో ఆర్మీలో ఉన్నారు అన్నది ఒక్కటే నాకు తెలుసు, మిగతాదంతా నేనే కలిపేశా, బావుంది కూడా, చదువుతుంటే చుట్టాలు కళ్ళు తుడుచుకున్నారు. భోజనాల దగ్గర ఒక ముసలాయన, మామయ్యగారితో పాటు చేరినాయన, విస్తరి ముందు కూచుని మెల్లిగా అన్నాడు, "అమ్మా, ఆ నెల మేమిద్దరం జబల్‌పూర్‌లో ట్రెయినింగ్‌లో ఉన్నాం, కొండలు ఎక్కలేదు, రోజుకి రెండు గంటలు మోర్స్, అదే టెలిగ్రాఫ్ టక టక కోడ్, కొట్టేవాళ్ళం, వీడికి ఏ అక్షరం వచ్చినా తప్పే, ఉస్తాద్ వీడి చేత గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించేవాడు" అని. చెప్పి నవ్వాడు. నాకు అన్నం దిగలేదు. తప్పు రాసినందుకు కాదు, ఆ మోర్స్ సంగతి, ఆ పరుగు సంగతి ఆ ముసలాయన దగ్గర ఉండగా అడక్కుండా నేను మంచుకొండలు రాసుకున్నా కదా, అందుకు. మామయ్య చివరిదాకా టేబుల్ మీద వేళ్ళతో టక టక కొట్టేవారు, విసుక్కునేదాన్ని.

అందుకని నీకు నేను చెప్పేది ఒకటే, తెలియని యుద్ధాన్ని రాయకు, తెలిసిన మనిషిని రాయి, ఆ మనిషిలోకి యుద్ధం ఎంత వచ్చిందో అదే కనపడుతుంది. కర్రతో నేల పొడుచుకుంటూ నడవడం, మమ్మల్ని ఆయన అడుగుల్లోనే అడుగు వెయ్యమనడం అని రాసి, "ఇలాంటివి తప్ప నా దగ్గర ఏం లేవు" అన్నావు. చెల్లెమ్మా, అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది.

ఎం.ఇ.జి. అంటే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, బెంగళూరులో ఉల్సూరు చెరువు పక్కన సెంటర్, 1780 నుంచీ ఉన్న దళం, మద్రాస్ సాపర్లు అంటారు, ఆర్మీలో వీళ్ళని ముద్దుగా తంబీలు అని కూడా పిలుస్తారు, తెలుగువాడైనా తంబీయే. సాపర్ అంటే తుపాకీ కాల్చడం ఒక్కటే కాదు, వంతెన వెయ్యాలి, రోడ్డు వెయ్యాలి, శత్రువు భూమిలో పాతిన మైన్లు వెతికి తియ్యాలి. మైను వెతకడం ఎలా అనుకుంటున్నావ్? మోకాళ్ళ మీద, ఒక్కోసారి పడుకుని, సన్నటి చువ్వ ఏటవాలుగా మట్టిలోకి మెల్లగా గుచ్చుతూ, గట్టిగా ఏదైనా తగిలితే ఆగి చేత్తో మట్టి తీసుకుంటూ. తీసేసిన దారికి రెండు పక్కలా తెల్ల నాడా పరుస్తారు, వెనక వచ్చేవాడు ఆ నాడా దాటి అడుగు వెయ్యకూడదు.

ఇప్పుడు పొలం గట్టు మీద కర్రతో పొడుచుకుంటూ పోయే మీ నాన్నని గుర్తు చేసుకో.

కానీ ఆగు, ఇక్కడే నువ్వు తొందరపడకూడదు. మా నాన్న మైన్లు గుర్తొచ్చి అలా నడిచేవాడు అని రాయకు. నల్లమల పక్క ఊళ్ళు మీవి, పాములు లేవా, ప్రతి రైతూ చీకట్లో కర్ర తట్టుకుంటూనే పోతాడు. ఏది నిజమో ఆయన చెప్పలేదు, మనకి తెలీదు. ఉన్నది ఉన్నట్టు రాయి: సాపర్‌గా ఆయన నేర్చుకున్న పని ఇది, పొలంలో ఆయన నడిచింది ఇలా, మేం పాముల కోసం అనుకునేవాళ్ళం. అంతే రాసి ఆపెయ్. చదివేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు.

పడమటి వైపు అంటే ఏమిటి అని నువ్వు అడుగుతావు కాబట్టి ఒక ముక్క చెప్తా. షకర్‌గఢ్ అని జమ్మూ పంజాబ్ సరిహద్దు అవతల పాకిస్తాన్ ప్రాంతం, అక్కడ బసంతర్ అనే చిన్న నది, దాని చుట్టూ వాళ్ళు దట్టంగా మైన్లు పాతారు. డిసెంబర్ 15 రాత్రి మన సాపర్లు ట్యాంకుల కోసం దారి తీస్తున్నారు, పని ఇంకా పూర్తి కాలేదు, అవతల ఒడ్డుకి చేరిన మన కాల్బలం మీద దాడి వస్తోందని కబురొస్తే మన పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు ఆ సగం తీసిన దారిలోనే దాటేశాయి. 21 ఏళ్ళ అరుణ్ ఖేతర్‌పాల్ మర్నాడు అక్కడే పోయాడు, పరమవీర చక్ర వచ్చింది, ఆయన పేరు అందరికీ తెలుసు. ఆ దారి తీసినవాళ్ళలో మద్రాస్ సాపర్లు ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? మీ నాన్నగారు అక్కడే ఉన్నారని నేను అనట్లేదు సుమా. పడమటి సరిహద్దు పొడవు ఎంత, సాపర్ కంపెనీలు ఎన్ని. ఉన్నారో లేదో తేల్చే కాగితం మీ ఇంట్లోనే ఉండొచ్చు, దాన్ని పట్టుకోవాలి ముందు.

ఆ కాగితం డిశ్చార్జ్ బుక్. ట్రంకు పెట్టెలో అడుగున, బహుశా ప్లాస్టిక్ కవర్లో, పి.పి.ఓ., అంటే పెన్షన్ ఆర్డర్, కాపీతో పాటు ఉంటుంది, మిలిట్రీ వాళ్ళందరూ అక్కడే పెడతారు. చేరిన తేదీ, వదిలిన తేదీ, ట్రేడ్, వచ్చిన మెడల్స్, నడవడిక ఎలాంటిది, అన్నీ ఉంటాయి. చివరి యూనిట్ ఏదో తెలుస్తుంది. 1971లో ఏ యూనిట్టో అందులో లేకపోతే బెంగళూరులో ఎం.ఇ.జి. రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాయాలి, ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన వదిలిన తేదీలు, డెత్ సర్టిఫికెట్ కాపీ, మీ అమ్మగారి పేరు మీద సంతకం. మీ జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసులో అడిగితే ఎలా రాయాలో చెప్తారు. వచ్చే నెలకి జవాబు వస్తుందా అంటే ఆశ పెట్టుకోకు, పుస్తకం ఆ జవాబు కోసం ఆపకు. ఎలాగూ ఆ ఆఫీసుకి వెళ్తావు కాబట్టి, అమ్మగారి ఫ్యామిలీ పెన్షన్ సరిగ్గా మారిందా, ఆవిడ మెడికల్ కార్డు నడుస్తోందా అది కూడా చూసుకో. పుస్తకం కంటే ముందు అది. ఇంకో మాట, ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్కు ప్రింటింగ్ ప్రెస్ వాడికి ఇవ్వకు, ఫోన్‌లో ఫొటో తీసి పంపు చాలు. ల్యామినేషన్ అసలొద్దు.

ఆర్మీ నంబరు పెట్టె మీద అరిగిపోయి ఉంటే మెడల్స్ అంచు చూడు. గుండ్రటి మెడల్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే కనిపిస్తాయి. అందులో ఇంకో విశేషం, మెడల్ ఇచ్చేనాటి ర్యాంకు ఉంటుంది, ఒక దాని మీద సాపర్ అని, ఇంకో దాని మీద నాయక్ అని, అలా వరసగా పెడితే ఆయన మెట్లు ఎక్కిన క్రమం కనిపిస్తుంది. ఫొటోలో మెరవాలని చింతపండు పెట్టి తోమారా ఏంటి కొంపదీసి? చాలామంది ఇళ్ళల్లో రాగి చెంబులు తోమినట్టు తోమేస్తారు, అంచు మీద అక్షరాలు పోతాయి. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు, నల్లగా ఉన్నా ఏం కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా, నువ్వు "ఇంకో విషయం" అని మధ్యలో ఇరికించి రాసేసినదానికి. మొత్తం ఉత్తరం ఆ రెండు లైన్ల కోసం రాసినట్టుంది నాకు.

యుద్ధం 3వ తేదీన మొదలయ్యి డిసెంబర్ 17న ఆగిపోయింది, రెండు వారాలు. రేడియోలో అందరూ విన్నారు, ఊళ్ళో మిఠాయిలు పంచుకుని ఉంటారు. మరి నాన్న ఎందుకు రాలేదు, పాప పుట్టిందని తెలిసి కూడా? మీ జేజి తన లెక్క తను వేసుకుంది. కానీ రేడియోలో యుద్ధం అయిపోవడం వేరు, సిపాయికి అయిపోవడం వేరు. పడమటి వైపు మన సైన్యం పట్టుకున్న భూమి మనవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది, షకర్‌గఢ్ తో సహా. రెండు దేశాల మధ్య సిమ్లా ఒప్పందం 1972 జూలై 2న జరిగింది. సంతకాలయ్యాక కూడా కాశ్మీర్లో గీత ఎక్కడ గీయాలని నెలల తరబడి బేరాలు నడిచి, ఆ భూమి వదిలి సైన్యాలు వెనక్కి వచ్చింది 1972 డిసెంబర్ మూడో వారంలో. 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ లెక్క కూడా 1971 డిసెంబర్ 3 నుంచి 1972 డిసెంబర్ 20 దాకా. అది కూడా మీ పెట్టెలో ఉండే ఉంటుంది చూడు. ప్రభుత్వమే ఆ ఏడాది పైచిలుకునీ ఒకే పనిగా లెక్కేసింది. పైగా సాపర్లకి యుద్ధం అయ్యాకే పని ఎక్కువ, రెండు వైపులా పాతిన మైన్లు ఎవరు తియ్యాలి? వీళ్ళే. రైతులు మళ్ళీ ఆ పొలాల్లో నాగలి పెట్టాలంటే ముందు వీళ్ళు మోకాళ్ళ మీద పాకాలి.

నీకు నడక ఎప్పుడొచ్చింది? ఏడాదికో, ఏడాదిన్నరకో. లెక్క సరిపోతోంది కదా.

ఒట్టేసి చెప్పలేను మళ్ళీ. సిపాయిలకి లీవు వంతుల మీద దొరికేది, మధ్యలో ఎప్పుడైనా రాగలిగి ఉండీ రాలేదేమో, నాకు తెలీదు, ఆ రోజుల్లో ఆడపిల్లంటే మొహం ముడుచుకున్న తండ్రులు కూడా లేకపోలేదు. కానీ జేజి చెప్పిన కారణం ఒక్కటే కారణం అని నువ్వు 50 ఏళ్ళు మోసుకు తిరగాల్సిన పని లేదు. ఇంకోటి, అమ్మ ఏమీ అనేది కాదు అన్నావు. అత్తగారి మాటకి ఎదురు చెప్పలేక ఊరుకుందేమో అడిగావా ఎప్పుడైనా? ఇప్పుడు అడగొచ్చు. జేజి లేదు, నాన్న లేరు.

అమ్మగారి దగ్గరే ఉంది చెల్లెమ్మా మొత్తం పుస్తకం. కానీ ఎదురుగా కూచోబెట్టి ఫోన్ రికార్డింగ్ పెట్టి "నాన్న గురించి చెప్పమ్మా" అంటే ఏం చెప్తుంది, "మంచోడు" అంటుంది. అలా కాదు. చిక్కుళ్ళు ఒలుస్తూనో, బియ్యం ఏరుతూనో పక్కన కూచో. చిన్న చిన్నవి అడుగు. మనియార్డర్ ఎన్నో తారీఖు వచ్చేది? ఎంత? నీ చేతికిచ్చేవాళ్ళా, జేజి తీసుకునేదా? టెలిగ్రామ్ ఎప్పుడైనా వచ్చిందా, పోస్ట్‌మ్యాన్ సైకిల్ మన వాకిలి ముందు ఆగితే ఏమనిపించేది? లీవులో వచ్చినప్పుడు స్టేషన్‌కి ఎవరు వెళ్ళేవాళ్ళు? బెంగళూరు నుంచైనా పంజాబ్ నుంచైనా గుంతకల్లు వచ్చి బండి మారి, నంద్యాల దాటి, నల్లమల బోగదాలు దాటి గిద్దలూరులో దిగాలి, అప్పటి మీటర్ గేజ్ బండి, ఆ నల్ల ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరిదాకా ఎవరు మోశారు? వచ్చిన మొదటిరోజు ఏం వండావు? తిరిగి వెళ్ళేరోజు ఎవరు ఏడ్చేవాళ్ళు, ఎక్కడ దాక్కుని? ఒక్కో ప్రశ్నకి ఆవిడ అరగంట మాట్లాడుతుంది చూడు. మధ్యలో అడ్డం వచ్చి తేదీలు సరిచెయ్యకు, అవి డిశ్చార్జ్ బుక్ చూసి నువ్వు తర్వాత సరిచూసుకో.

ఉత్తరాలు దాచిందా? చాలామంది దాచుకుంటారు, బీరువాలో చీరల కింద, ఇన్‌లాండ్ లెటర్లు, ఫ్రమ్ అడ్రస్ దగ్గర కేరాఫ్ 56 ఏ.పి.ఓ., అంటే ఆర్మీ పోస్టాఫీసు, అని తప్ప ఊరి పేరు ఉండదు. ఎక్కడున్నాడో రాయకూడదు, రూలు. ఉంటే లాక్కోకు, ఆవిడ తీసి ఇస్తేనే చదువు. చదివి మాత్రం నిరాశ పడకు. "ఇచ్చట నేను క్షేమం, అచ్చట మీరందరూ క్షేమమని తలుస్తాను. అమ్మకి మందులు ఇప్పించు. ఎర్రావు ఈనిందా? వడ్లు ఎంతకి పోయాయి?" ఇలాగే ఉంటాయి. మా అత్తగారివీ ఇంతే. ఏంటి ఈయన పెళ్ళానికి ఒక్క మంచి మాట రాయలేదా అనుకున్నా, అత్తగారే చెప్పింది నవ్వుతూ, "నాకు చదువొచ్చా ఏంటే, పోస్టు మాస్టారే చదివి వినిపించాలి, వాకిట్లో మా అత్తా మామా మరిది అందరూ కూచునేవాళ్ళు, ఆయనకి అది తెలుసు, ఇంకేం రాస్తాడు" అని. అదిగో అందుకని ఎర్రావు గురించి అడిగేవాళ్ళు. "ఎర్రావుకి జబ్బు తగ్గిందా" అని మామయ్యగారు రాస్తే అది ఆవు గురించి కాదు అని మా అత్తగారికి తెలుసు, పోస్టు మాస్టారికి తెలీదు. ఇది చెప్పినప్పుడు ఆవిడకి 70 దాటాయి, సిగ్గుపడింది.

మీ అమ్మగారి దగ్గర కూడా ఒక ఎర్రావు ఉంటుంది, అడుగు.

బెల్టు సంగతి కూడా చెప్పావు. పుస్తకంలో రాయొచ్చు, కానీ నువ్వు కాదు రాయాల్సింది, తమ్ముడు. దెబ్బలు తిన్నది వాడు. వాణ్ణే ఒక పేజీ రాయమను, తెలుగులో టైపు చెయ్యడం రాదంటే ఫోన్లో చెప్పమని నువ్వు రాసుకో. ఢాకా గురించి పదిసార్లు ఎందుకు పట్టుబడుతున్నాడో కూడా అప్పుడు తెలుస్తుంది నీకు. నాకేమనిపిస్తుందంటే, కొట్టిన తండ్రి మామూలు తండ్రి అయితే కోపం ఉండిపోతుంది, పెద్ద వీరుడైతే కాస్త సర్దుకోవచ్చు, పిల్లలు అలా లెక్క వేసుకుంటారు, పెద్దయ్యాక కూడా. వాడు రాయనంటే వదిలెయ్, బలవంతం వద్దు. ఉత్త మంచివాడిగా మాత్రం చూపించొద్దు ఆయన్ని. "స్ట్రిక్టుగా ఉండేవారు" అని ఒక్క ముక్కతో తేల్చెయ్యకుండా ఆ స్ట్రిక్టు ఎలా ఉండేదో రాయి. తెల్లారి నాలుగున్నరకి లేపేవాడా? దుప్పటి ముడతలు లేకుండా పరవమనేవాడా? గోళ్ళు చూసేవాడా లైన్లో నిలబెట్టి? బూటు పాలిష్ డబ్బా మూత దేంతో తీసేవాడు? ఇవి మీ ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు.

లెక్క చూసుకుంటే 22 ఏళ్ళు మిలిట్రీ, 40 పైన ఇల్లు. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ "మిలిట్రీ ఆయన" అనే అంటారు కదా, మీ ఇల్లు "మిలిట్రీ వాళ్ళ ఇల్లు". మన పల్లెల్లో అంతే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అయితే ఊరి పేరే మిలిట్రీ మాధవరం అయిపోయింది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకడు వెళ్ళి. కానీ ఆ 40 ఏళ్ళలో ఏం చేశారాయన? 41 ఏళ్ళకి ఇంటికొచ్చాడు, పిల్లలు అప్పటికే సగం పెరిగిపోయారు, నీకు 12, 13 ఉంటాయేమో. ఇంట్లో అందరికీ ఒక అలవాటు పడిపోయి ఉంటుంది ఆయన లేకుండా. హఠాత్తుగా రోజూ ఇంట్లో ఉండే తండ్రి. బాగానే ఉందా మీకు? మా ఇంట్లో అయితే మొదటి ఏడాది అత్తగారికీ మామయ్యగారికీ పడేది కాదట, వంటింట్లో డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దేశాడని రెండు రోజులు మాట్లాడలేదట ఆవిడ. లీవుకొచ్చే మొగుడు వేరు, ఉండిపోయే మొగుడు వేరు అనేది. ఆ తర్వాత బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకుని స్టూలు మీద కూచున్న ఏళ్ళు, అవి ఎవరూ రాయరు, అందులో ఏం వీరత్వం ఉందని. నీ ఫీజు, తమ్ముడి ఫీజు ఆ స్టూలు మీద నుంచే వచ్చాయి. నువ్వు టీచరవ్వడానికి కట్టిన మొదటి ఫీజు ఎంతో గుర్తుంటే ఆ అంకె రాయి.

పాత సహోద్యోగులు ఉంటే పట్టుకో, పుస్తకం వేశాక కాదు, ముందే. ఎక్కడ దొరుకుతారంటే, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకి వచ్చే ముసలివాళ్ళలో, మిలిట్రీ క్యాంటీన్ క్యూలో, మండలంలో మాజీ సైనికుల సంఘం ఉంటే అందులో. "మా నాన్న సాపర్, ఫలానా నంబరు" అని చెప్పు, మీ నాన్న ఎవరో తెలియకపోయినా టీ ఇప్పించి రెండు గంటలు మాట్లాడతారు. వాళ్ళు నీకు చెప్పేది వాళ్ళ కథ అని గుర్తుపెట్టుకుని విను, దాన్ని మీ నాన్న కథలో కలపకు, మా మామయ్య మంచుకొండల్లాగ.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు. పుట్టిన తేదీతో వద్దు. ట్రంకు పెట్టె తెరిచిన వాసనతో మొదలుపెట్టు, లేకపోతే గట్టు మీద ముందు ఆయన, వెనక నువ్వు, నీ వెనక తమ్ముడు, ఆయన అడుగులో నీ చిన్న అడుగు, అక్కడి నుంచి. 16 పేజీలు చాలు. ఫొటో ఒకటి యూనిఫామ్‌లోది, ఒకటి లుంగీ బనీనులోది, రెండూ ఒకే సైజులో వెయ్యి.

ఒక పని మాత్రం ఈ ఆదివారమే చెయ్యి. సిపాయికి పెళ్ళయినా, బిడ్డ పుట్టినా యూనిట్‌లో చెప్పాలి, చెప్తే పార్ట్ టూ ఆర్డర్ అని ఒకటి వేస్తారు, అది ఆయన సర్వీస్ రికార్డులోకి ఎక్కుతుంది. ఆర్మీ కాగితాల్లో పెళ్ళాం పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు అలా వచ్చినవే. అంటే 1971 డిసెంబర్‌లోనో ఆ తర్వాతో, ఎక్కడో ఒక గుడారంలో, మీ నాన్న ఒక క్లర్కు ముందు నిలబడి నాకు కూతురు పుట్టింది, పేరు ఇది, తేదీ ఇది అని చెప్పి రాయించుకున్నాడు. ఇంట్లో కాపీ లేకపోతే రికార్డ్ ఆఫీసుకి రాసే ఉత్తరంలో అది కూడా అడుగు, ఆర్డర్ ఏ తేదీన పడింది అని. దొరికితే నీ పేరు ఎలా రాశారో చూడు. ఆ క్లర్కుకి మన పేర్లు నోరు తిరిగి ఉండవు, మా ఆయన శ్రీనివాసులు రికార్డుల్లో ఇప్పటికీ సిరీ నివాసాలు. మా మామయ్య ఆ తప్పు దిద్దించుకోవడానికి మూడు ఉత్తరాలు రాశారు, మూడింటికీ జవాబు సిరీ నివాసాలు ఫాదర్ అనే వచ్చింది.